పన్నెండు దాటితే పుట్టరాదు

కొందరికి సొంత ఊరంటే అభిమానం, కొందరికి సొంత గొంతంటే అభిమానం. నందివాడ చిదంబరానికి మాత్రం తన పుట్టినరోజంటే అభిమానం. ఏడో నెల, ఏడో తారీకు. అలా పుట్టడంలో తన ప్రతిభ కూడా కొంత ఉందని అతని లోలోపలి నమ్మకం. ఫోను తాళం, ఆఫీసు బీరువా తాళం, ఊరెళ్ళే సూట్‌కేసు తాళం, అన్నిటికీ ఒకటే అంకె, సున్నా ఏడు సున్నా ఏడు. ఏ దొంగైనా వాటిలో ఒక్కటి విప్పగలిగితే మిగతావాటికి శ్రమపడక్కర్లేదు.

ఈ చిదంబరం బెజవాడలో జీవన ఘట్టాల నమోదు శాఖలో ప్రోగ్రామరు. పుట్టుక, పెళ్ళి, చావు, ఈ మూడూ రాసి పెట్టుకోవడం ఆ శాఖ పని. మధ్యలో మనిషి ఏమైపోయినా దానికి పట్టింపు లేదు. చెదలు తిన్న రిజిస్టర్లన్నీ తీసేసి అంతా కంప్యూటర్లోకి ఎక్కించాలని పైనుంచి ఆదేశం రావడంతో, 'ఆద్యంతం' అనే సాఫ్ట్‌వేరు తయారుచేసే పని చిదంబరం మీద పడింది. పదకొండు నెలలు కూర్చుని రాశాడు. బాగానే రాశాడు కూడా, ఒక్క తేదీల దగ్గర తప్ప.

తేదీలు చూడ్డానికి అమాయకంగా కనిపిస్తాయిగానీ ప్రోగ్రామర్లకి అవి కొరకరాని కొయ్యలు. ఫిబ్రవరిది ఒక లెక్క, లీపు సంవత్సరానిది ఒక లెక్క, ముప్ఫై ఒకటి ఉన్న నెలలది ఇంకో లెక్క. ఇదంతా మళ్ళీ మొదటినుంచి ఎవడు రాస్తాడని, ఎవరో విదేశీయుడు రాసి పెట్టిన ముక్కని ఇంటర్నెట్‌లోంచి ఎత్తి తెచ్చి అతికించాడు. ఆ విదేశీయుడి దేశంలో ముందు నెల రాసి తర్వాత రోజు రాస్తారు. మనం ముందు రోజు రాసి తర్వాత నెల రాస్తాం. కాబట్టి ఆ ముక్కలో 'నెల', 'రోజు' అనే రెండు పదాలని అటుదిటు, ఇటుదటు మార్చుకోవాలి. చిదంబరం మార్చలేదు. అప్పుడు మే ఇరవై మూడో తారీకు మధ్యాహ్నం, మామిడికాయ పప్పు తిని వచ్చి కూర్చున్న సమయం. అంతకంటే సంజాయిషీ అతని దగ్గర లేదు.

పోనీ పరీక్షించలేదా అంటే, ప్రాణం పెట్టి పరీక్షించాడు. పుట్టిన తేదీ అడిగిన చోట 7-7 అని కొట్టాడు. పెళ్ళి తేదీ అడిగిన చోటా అదే, పోయిన తేదీ అడిగిన చోటా అదే. ఆ వారంలో అతను వందలసార్లు పుట్టాడు, వందలసార్లు పెళ్ళి చేసుకున్నాడు, వందలసార్లు పోయాడు. ఒక్కసారి కూడా పొరపాటు రాలేదు. ఏడుని ఏడుతో తారుమారు చేస్తే ఏడు కాక మరేమొస్తుంది?

శాఖ సంచాలకులు పరాంకుశరావుగారు సాఫ్ట్‌వేరుని చూడకుండానే 'సంపూర్ణ లోపరహిత ధ్రువీకరణ పత్రం' మీద ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. ప్రారంభోత్సవానికి మంచి ముహూర్తం వెతికి జూన్ ఆరు ఖాయం చేశారు. ఆరో నెల, ఆరో తారీకు. చిదంబరం అదృష్టం అప్పటికింకా అతని వెంటే ఉంది. మొదటి సర్టిఫికెట్ మీద తేదీ ముత్యంలా పడింది. చిదంబరానికి శాలువా కప్పారు.

తర్వాతి ఆరు రోజులూ సాఫీగానే గడిచాయి. మనవాళ్ళు సర్టిఫికెట్ అందుకోగానే పేరు చూసుకుంటారు, ఇంటిపేరు చూసుకుంటారు, తండ్రి పేరులో దీర్ఘం ఉందో లేదో చూసుకుంటారు. తేదీ ఎవరు చూస్తారు, తమకి తెలిసిందే కదా! జూన్ తొమ్మిదిన పుట్టిన పిల్లవాడు సెప్టెంబరు ఆరున పుడతాడని కాగితం భవిష్యవాణి చెబుతున్నా ఎవరూ గమనించలేదు.

పదమూడో తారీకు ఉదయం పదిన్నరకి రాష్ట్రంలోని కౌంటర్లన్నీ ఒకేసారి మొరాయించాయి. 13-6 అని కొడితే 'చెల్లని తేదీ' అని ఎర్రక్షరాలు వస్తున్నాయి. వస్తాయి మరి. పదమూడో నెల అంటూ ఒకటి ఏ దేశంలోనూ లేదు కదా.

చిదంబరానికి సంగతి అర్థమవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. శాలువా ఇంకా కుర్చీ వెనకే వేలాడుతోంది. దాన్ని మడిచి సొరుగులో పెట్టి పరాంకుశరావుగారి గదిలోకి వెళ్ళాడు.

"తప్పు నాదే సార్. రెండు పదాలు తారుమారయ్యాయి. పావుగంటలో సరిచేసేస్తాను."

పరాంకుశరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎదుటివాళ్ళని కాస్త మసకగా చూడదలచినప్పుడు ఆయన అలా చేస్తారు.

"చిదంబరంగారూ, ధ్రువీకరణ పత్రం మీద సంతకం ఎవరిది?"

"తమరిదే సార్."

"ఏమని పెట్టాను?"

"లోపం లేదని."

"మరి ఇప్పుడు మీరొచ్చి లోపం ఉందంటే, నేను ఉన్నదాన్ని లేదన్నట్టా? నా ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఉన్నదాన్ని లేదని ఎన్నడూ అనలేదు. కావున సాఫ్ట్‌వేరులో లోపం లేదు. సాఫ్ట్‌వేరులో లేదంటే మరెక్కడ ఉన్నట్టు?"

చిదంబరం తన వైపే వేలు చూపించుకోబోయాడు.

"తేదీల్లో!" అన్నారు పరాంకుశరావుగారు, తనకి తానే ఆశ్చర్యపోతూ. "లోపం ఆ తేదీల్లో ఉంది. ప్రజలు ఇష్టం వచ్చిన రోజున పుడుతున్నారు, ఇష్టం వచ్చిన రోజున పోతున్నారు. ఒక క్రమశిక్షణ లేదు. మీరు ఆ సాఫ్ట్‌వేరుని ముట్టుకోకండి. సర్క్యులరు తయారుచెయ్యండి."

ఇక్కడే చిదంబరం నేను చెయ్యనని చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అతను చెప్పలేదు. తన తప్పుని కప్పిపెట్టే దుప్పటి ఎవరో తెచ్చి ఇస్తే, అది తనకే కాస్త పొట్టయిందని అనేంత ధైర్యవంతుడు కాదు. పైగా రెండు చోట్ల భాష మెరుగుపెట్టాడు కూడా. సర్క్యులరు ఇలా వచ్చింది:

'ఇందుమూలముగా సమస్త పౌరులకు తెలియజేయడమేమనగా, ప్రతి నెలా పదమూడవ తేదీ మొదలు నెలాఖరు వరకు సంభవించు జననములు, వివాహములు, మరణములు సాంకేతికముగా చెల్లవు. కావున పౌరులు సదరు కార్యక్రమములను పన్నెండవ తేదీ లోపుగా ముగించుకొనవలెను. అనివార్య కారణములచే ఆ పిమ్మట మరణించువారు మరుసటి నెల ఒకటవ తేదీ వరకు వేచియుండవలెను.'

జనం తిరగబడతారని చిదంబరం భయపడ్డాడు, లోలోపల ఆశపడ్డాడు కూడా. ఎవరూ తిరగబడలేదు. ఏ ఆఫీసుకి వెళ్ళినా సర్వర్ పనిచెయ్యట్లేదు, రేపు రండి అనే మాటకి అలవాటుపడ్డ జనానికి, ఒకటో తారీకు రండి అనడం కొంత స్పష్టంగానే వినిపించింది. పెళ్ళిళ్ళ పురోహితులు ముహూర్తాలని ముందుకి లాక్కున్నారు. క్యాలెండర్లు అచ్చువేసేవాళ్ళు నెలకి పన్నెండు గడులు వేసి మిగతా జాగాలో లక్ష్మీదేవి బొమ్మని పెద్దది చేశారు.

ఆగస్టులో అంకెలు తేలాయి. రాష్ట్రంలో జననాలు సగానికి పైగా తగ్గాయి. మరణాలూ సగానికి పైగా తగ్గాయి. జనాభా అదుపులోకి రావడం, ఆయుర్దాయం పెరగడం రెండూ ఒకే త్రైమాసికంలో జరిగిన శాఖ మరొకటి లేదని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. పక్క శాఖలవాళ్ళు ఈ విధానాన్ని అధ్యయనం చెయ్యడానికి జీపుల్లో వచ్చారు. చూసి వెళ్ళి, ఈ శాఖలోలాగే తమ మెమోలు, ఉత్తర్వులు, సెలవు చీటీలు అన్నీ 'ఆద్యంతం' ద్వారానే జారీ అయ్యేట్టు కలిపేసుకున్నారు. దాంతో పన్నెండో తారీకు దాటాక ఎవరికీ మెమో ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. గుమాస్తాలు దీన్ని మొదటి నెలలోనే కనిపెట్టి, పదమూడో తారీకు నుంచి పదకొండున్నర గంటలకి ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు.

ఈ విధానానికి కాస్త సిద్ధాంతం కూడా ఉంటే బాగుంటుందని పరాంకుశరావుగారికి అనిపించింది. ఆ పని మళ్ళీ చిదంబరానికే వచ్చింది. అతను నలభై స్లైడ్లు తయారుచేశాడు. నెలలు పన్నెండు, రాశులు పన్నెండు, పుష్కరం పన్నెండేళ్ళకి, ద్వాదశి పన్నెండో తిథి. మన పెద్దలు దేన్నైనా పన్నెండుతో ఎందుకు ఆపారు? ఆపైన ఏమీ లేదని వాళ్ళకి తెలుసు కనుక! ఈ వాక్యం దగ్గర సభంతా చప్పట్లు కొట్టింది. చిదంబరానికి 'కాల మర్మజ్ఞ' అనే బిరుదు ఇచ్చి రెండో శాలువా కప్పారు. చెప్పకేం, ఆ చప్పట్ల మధ్య ఓ అరనిమిషం పాటు అతనికి కూడా పదమూడో తారీకు ఉందంటే నమ్మశక్యం కాలేదు.

సెప్టెంబరు రెండో వారంలో నూజివీడు నుంచి వీరభద్రయ్య అనే మామిడితోటల రైతు వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. చేతిలో సర్టిఫికెట్, దాన్ని మడవకుండా ఉండడానికి కింద అట్టముక్క పెట్టుకున్నాడు. పరాంకుశరావుగారి గదిలోకి వచ్చి కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యా, మా అమ్మాయి పెళ్ళి నవంబరు ఇరవై మూడున చేశామండి. మొన్న సెప్టెంబరు ఒకటిన మనవరాలు పుట్టింది. తమరిచ్చిన కాగితంలోనేమో జనవరి తొమ్మిదిన పుట్టినట్టు పడిందండి. పెళ్ళయిన నెలన్నరకి! వాళ్ళత్తగారు కాగితం చూసి, బిడ్డతో సహా మా పిల్లని గుమ్మంలోనే నిలబెట్టేసిందండి. అల్లుడు మంచోడే, కానీ కాగితం అబద్ధం ఎందుకు చెబుద్దీ అంటాడు. ఆ తొమ్మిది, ఒకటి అటూ ఇటూ అయినయ్యి బాబూ, ఇంతే. నాబోటోడికే కనపడతంది."

చిదంబరం తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. రాష్ట్రం మొత్తంలో జబ్బేమిటో కనిపెట్టిన రెండో మనిషి ఈ మామిడితోటల రైతు.

పరాంకుశరావుగారు సర్టిఫికెట్‌ని వెలుతురుకేసి పట్టుకుని చూసి తృప్తిగా తలాడించారు. "చూడు పెద్దాయనా, పెళ్ళి ఎప్పుడన్నావు?"

"నవంబరు ఇరవై మూడండి."

"ఆ తేదీ చెల్లదు కదా. చెల్లని తేదీన జరిగిన పెళ్ళి జరగనట్టే లెక్క. అసలు పెళ్ళే లేనప్పుడు పెళ్ళయిన నెలన్నరకి పుట్టిందనే ప్రశ్నే ఉత్పన్నం కాదు. మీ వియ్యపురాలికి ఈ మాట వివరించండి. కావాలంటే వివాహం లేదని పత్రం ఇప్పిస్తాను."

వీరభద్రయ్య సర్టిఫికెట్‌ని మళ్ళీ అట్టముక్క మీద పెట్టుకున్నాడు. "గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనన్నమాట," అని పరాంకుశరావుగారితో కాక చిదంబరంతో అన్నాడు, వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చిదంబరానికి అన్నం సయించలేదు. అతని భార్య వకుళ మున్సిపల్ హైస్కూల్లో సైన్సు టీచరు. ఆవిడకి అప్పుడు ఎనిమిదో నెల. కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్న భర్తని చూసి గట్టిగా అడిగేసరికి అతను అంతా చెప్పేశాడు. మే ఇరవై మూడు, మామిడికాయ పప్పు, విదేశీయుడి ముక్క, వందలసార్లు పుట్టి పోవడం, అన్నీ.

"సరిచెయ్యడానికి ఎంత మార్చాలండీ?" అంది వకుళ.

"రెండు పదాలు."

"రెండు పదాల కోసం ఇంతమందిని ఏడిపించి, మీదుమిక్కిలి శాలువాలు కప్పించుకుంటున్నారా?"

దానికి చిదంబరం దగ్గర స్లైడు లేదు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ పరీక్షచేసి, అంతా సవ్యంగా ఉంది, కాన్పు అక్టోబరు పందొమ్మిదికి కావచ్చు అంది. అని, గొంతు తగ్గించింది. "పందొమ్మిదంటే మీకు తెలుసుగా. అందరూ పన్నెండున ఆపరేషన్ చేయించేసుకుంటున్నారు. ఆ రోజుకి ఇక మూడే బెడ్లున్నాయి. పేరు రాయమంటారా?"

"వారం రోజులు ముందే కొయ్యాల్సిన అవసరమేముంది డాక్టర్?" అంది వకుళ.

"వైద్యపరంగా ఏమీ లేదమ్మా. నమోదుపరంగా ఉంది."

వకుళ కుర్చీలోంచి లేచింది. "బిడ్డ దాని రోజున అది పుడుతుంది. ఎవరి పొరపాటు కోసమో నా పొట్ట కొయ్యనివ్వను," అని చిదంబరం వంక చూసింది. డాక్టరమ్మ కూడా అతని వంకే చూసింది. ఇలాంటి భార్య ఉన్నందుకు జాలి పడింది కాబోలు.

అలా చిదంబరం కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు. నిజం చెబితే ఉద్యోగం, బిరుదు, రెండు శాలువాలు పోతాయి. చెప్పకపోతే తన బిడ్డ పుట్టిన రోజుకి ఈ రాష్ట్రంలో స్థానం ఉండదు. పుట్టినరోజంటే అంత అభిమానం ఉన్న మనిషి, కన్నబిడ్డకి అది లేకుండా చేస్తున్నాడు. ఈ ఆలోచన రాగానే అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. ఇన్నాళ్ళకి వేసింది, అదే విశేషం.

అక్టోబరు ఎనిమిదిన రెండు పేజీల అర్జీ రాసి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు. తప్పు పూర్తిగా తనదని, మే ఇరవై మూడున చేశానని, సరిచేసే అనుమతి ఇవ్వమని, ఏ శిక్ష వేసినా స్వీకరిస్తానని. పదకొండున జవాబు వచ్చింది.

'అర్జీదారు తాను తప్పు చేసినట్లు పేర్కొన్న మే ఇరవై మూడవ తేదీ శాఖ రికార్డుల ప్రకారం చెల్లదు. లేని తేదీన తప్పు జరుగుటకు ఆస్కారం లేదు. కావున సదరు తప్పు జరగలేదని నిర్ధారించి అర్జీ త్రిప్పి పంపడమైనది.'

పరాంకుశరావుగారు పిలిచి భుజం తట్టారు. "మీ వినయం మెచ్చుకోదగ్గది. ఏ మే పదో తారీకునో చేసుంటే పరిశీలించేవాళ్ళం. నిబంధనలు ఒప్పుకోవడం లేదు, ఏం చేస్తాం?"

చేసిన తప్పుని చేశానని ఒప్పించలేక చిదంబరం ఇంటికి వచ్చాడు.

అక్టోబరు పందొమ్మిది ఉదయం పది దాటాక ఆడపిల్ల పుట్టింది. వాళ్ళమ్మ అన్నట్టే దాని రోజున అది పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, తలనిండా జుట్టు. అంత చిన్న గొంతులోంచి అంత పెద్ద కేక ఎలా వస్తుందో చిదంబరానికి అర్థం కాలేదు. ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏడ్చాడు కూడా. నర్సు సుగుణమ్మ పిల్లని అందుకుని, కంప్యూటర్లో టీకాల కార్డు తెరవబోయి ఆగింది.

"నమోదు నంబరు ఉంటేగానీ కార్డు తెరుచుకోదు సార్. పాప ఇంకా పుట్టనట్టే చూపిస్తంది. ఒకటో తారీకున వేయించుకుందురులెండి."

"నవంబరు ఒకటి వేస్తే..." అని చిదంబరం మనసులో తారుమారు చేసి చూసుకున్నాడు. ఒకటి, పదకొండు. జనవరి పదకొండు. పదమూడు రోజుల పిల్ల కంప్యూటర్లో తొమ్మిది నెలలు దాటిన పిల్ల అవుతుంది. "సుగుణమ్మగారూ, ఒకటో తారీకున నమోదైన పిల్లలకి టీకాలు ఏవి చూపిస్తోంది?"

సుగుణమ్మ అటూ ఇటూ చూసింది. "మొన్న ఒకటిన పుట్టిన బాబుకి తొమ్మిది నెలల సూది వెయ్యమంది సార్. పుట్టగానే వెయ్యాల్సినవేమో గడువు దాటిపోయాయంది. బాబు చూస్తే గుప్పెడంత! నేనైతే ఆపేశాను. అన్ని ఆస్పత్రుల్లోనూ ఆపుతున్నారని నేను చెప్పలేను. కంప్యూటరు చెప్పింది మేం చేశాం అనేవాళ్ళూ ఉంటారు కదా."

ఇన్నాళ్ళూ చిదంబరం భయపడింది పరువు కోసం. ఇప్పుడు వేసిన భయం వేరు. చెల్లని తేదీలని నలుగురూ చూస్తున్నారు. చెల్లిన తేదీలు, అంటే జూన్ నుంచీ పన్నెండులోపు పడ్డ తేదీలు, అవే పచ్చి అబద్ధాలు. వాటి వెనక ఎందరు గుప్పెడంత పిల్లలున్నారో లెక్కపెట్టే ధైర్యం కూడా అతనికి లేదు.

రెండు రోజులు ఫోన్లు చేశాడు. పరాంకుశరావుగారు అధ్యయన యాత్రలో ఉన్నారన్నారు. పైవాళ్ళని అడిగితే పరాంకుశరావుగారిని అడగమన్నారు. ఇరవై ఒకటిన వకుళని ఇంటికి పంపించేస్తున్నారు. కింద అంతస్తులోనే నమోదు కౌంటరు ఉంది. వకుళ పిల్లని ఎత్తుకుని మెల్లగా మెట్లు దిగింది. చిదంబరం సంచులు పట్టుకుని వెనక దిగాడు. కౌంటరు ముందు పదిహేను మంది దాకా ఉన్నారు. గుమాస్తా ఏలియా ఒకాయనకి నచ్చజెబుతున్నాడు.

"మీ నాన్నగారు పద్ధెనిమిదిన పోయారంటే ఎలాగండీ? ఒకటో తారీకు దాకా ఉన్నట్టే లెక్క."

"దినవారాలు మొదలుపెట్టాం బాబూ!"

"అది మీ సొంత విషయం."

ఇంతలో చిదంబరాన్ని చూసి ఏలియా లేచి నిలబడ్డాడు. "కాల మర్మజ్ఞగారా! రండి సార్. పాపా? ఎప్పుడు?"

"పందొమ్మిదిన," అంది వకుళ.

ఏలియా మొహం వాడిపోయింది. "మేడమ్, పుట్టని పిల్లని పట్టుకొస్తే నేనేం చెయ్యగలను?"

పుట్టని పిల్ల సరిగ్గా అప్పుడే గుక్కపెట్టింది. వరసలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. చిదంబరం సంచులు కింద పెట్టి కౌంటరు లోపలికి వెళ్ళాడు.

"ఒక్క పది నిమిషాలు లే ఏలియా."

"సార్, సాఫ్ట్‌వేరా? ఆర్డరు లేకుండా ముట్టుకోకూడదంట కదా!"

"పన్నెండు దాటాక ఆర్డర్లు రావు కదయ్యా."

ఏలియాకి ఇందులో తప్పేం కనిపించలేదు. లేచాడు. చిదంబరం కూర్చుని, ప్రోగ్రాము తెరిచి, ఆ వాక్యం దగ్గరికి వెళ్ళి, రెండు పదాలని వాటి వాటి చోట్లలో పెట్టాడు. అయిదు నెలల భాగోతానికి అర నిమిషం పట్టింది. మిగతా సమయమంతా జూన్ నుంచీ తలకిందులుగా పడి ఉన్న తేదీలని తిప్పి పెట్టడానికి పట్టింది. నూజివీడు పాప సెప్టెంబరు ఒకటికి వచ్చి చేరింది. టీకాల జాబితాలు వాటంతటవే మారిపోయాయి. చివరికి పరీక్షించి చూద్దామని వేళ్ళు అలవాటుగా 7 మీదికి పోయాయి. చిదంబరం తన వేళ్ళని తానే తిట్టుకుని 19-10 అని కొట్టాడు.

ఎర్రక్షరాలు రాలేదు. ప్రింటరు కాసేపు గొణిగి కాగితాన్ని బయటపెట్టింది. అక్టోబరు పందొమ్మిది. ఆడశిశువు. తల్లి వకుళ, తండ్రి చిదంబరం.

"పడిందా?" అని వరసలోంచి ఎవరో అరిచారు. ఏలియా కాగితం పైకెత్తి చూపించాడు. ఇక చూడాలి సంబరం! నాది ఇరవై, మాది పదిహేడు, మా అమ్మాయి పెళ్ళి ఆగస్టు ఇరవై ఆరు అంటూ అంతా కౌంటరు మీదికి వచ్చిపడ్డారు. తండ్రి పోయినాయన మాత్రం కాగితం చేతికి రాగానే పక్కకి వెళ్ళి నిలబడి, ఇన్నాళ్ళకి తీరిగ్గా కళ్ళు తుడుచుకున్నాడు. సుగుణమ్మ పైనుంచి పరిగెత్తుకొచ్చి పాప కార్డు తెరుచుకుందని చెప్పింది.

చిదంబరం వకుళ పక్కన బల్ల మీద కూలబడ్డాడు. ఆటో వచ్చేదాకా ఆగాలి. కప్పిన రెండు శాలువాల్లో ఒక్కటీ ఇంత హాయిగా అనిపించలేదు. గంటా గంటన్నర గడిచింది. అధ్యయన యాత్రలో ఉన్న పరాంకుశరావుగారికి కబురు అందడానికి, ఆయన కళ్ళజోడు తుడుచుకోవడానికి ఆ మాత్రం సమయం పట్టి ఉంటుంది. కౌంటరులో ప్రింటరు ఎవరూ నొక్కకుండానే మరో కాగితం బయటపెట్టింది. ఏలియా చదివి, బిక్కమొహం వేసుకుని, తెచ్చి చిదంబరం చేతిలో పెట్టాడు.

'సదరు ఉద్యోగి శ్రీ నందివాడ చిదంబరం, ఎట్టి అనుమతి లేకుండా, ఒక్క అక్టోబరు నెలకే పందొమ్మిది రోజులను అనధికారికముగా సృష్టించి ప్రజలకు పంపిణీ చేసినందున, తక్షణమే సస్పెండ్ చేయడమైనది.'

చిదంబరం అంతా చదివాడు. చదివి, కాగితం పై మూలకి వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. పెదాలు బిగించుకున్నా నవ్వు ఆగలేదు.

"ఏం రాశారండీ?" అంది వకుళ, పిల్లని జోకొడుతూ.

"నన్ను సస్పెండ్ చేశారు."

"దానికి ఆ నవ్వేంటి? మతిపోయిందా?"

చిదంబరం కాగితాన్ని ఆవిడ ముందు పెట్టి మూల మీద వేలు పెట్టి చూపించాడు. ఉత్తర్వులన్నీ 'ఆద్యంతం'లో కలిసినప్పటి నుంచీ ఆ శాఖలో పన్నెండు దాటాక వెలువడిన మొట్టమొదటి ఉత్తర్వు అది.

"తేదీ చూడు. అక్టోబరు ఇరవై ఒకటి. ఎంత సరిగ్గా పడిందో!"